యాంటీబాడీకి బయోటిన్ తగిలించడం: బఫర్ మార్చడం నుంచి చివరి పరీక్ష దాకా

బయోటిన్ లేబులింగ్ (యాంటీబాడీకి బయోటిన్ అనే చిన్న విటమిన్ అణువును అతికించి, దాన్ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్‌తో యాంటీబాడీ జాడ తెలుసుకునే పద్ధతి) గురించి నాకు వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. "కిట్‌లో చెప్పినట్టే చేశాను, సిగ్నల్ రాలేదు." "లేబుల్ బాగా పట్టింది, కానీ యాంటీబాడీ యాంటిజెన్‌ను (అది గుర్తించాల్సిన పదార్థాన్ని) పట్టుకోవడం మానేసింది." "ట్యూబ్ అడుగున తెల్లగా పేరుకుంది, ఇక పారేయాల్సిందేనా?" అందుకే మొత్తం పనిని చేసే వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. బయోటిన్ కలిపి ఉంచడం అరగంట పని, అందులో తప్పు జరిగేది తక్కువ. కలపకముందు యాంటీబాడీని ఎంత శుభ్రం చేశారు, కలిపాక మిగిలిన బయోటిన్‌ను ఎంత బాగా తీసేశారు అన్న రెండు చోట్లే ఫలితం తేలిపోతుంది. అందుకే ఆ రెండింటి గురించే ఎక్కువ రాశాను.

1. ఏ రకం బయోటిన్ కావాలో తేల్చుకోండి

మామూలు బయోటిన్ పొడి తెచ్చి కలిపితే ప్రోటీన్‌కు అంటదు. దానికి అతుక్కునే గుణమున్న ఒక కొస ఉండాలి. ఎక్కువ మంది వాడేది ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ కొస ఉన్న బయోటిన్. అది ప్రోటీన్‌లోని లైసిన్ల మీద ఉండే అమైన్‌ను, గొలుసు మొదట్లో ఉండే అమైన్‌ను పట్టుకుంటుంది. ఐజీజీ అనే మామూలు రకం యాంటీబాడీ ఒక్కదానిలో 80కి పైగా లైసిన్లు ఉంటాయి కాబట్టి అతుక్కునే చోటుకు కొదవ లేదు.

ఇందులో మళ్లీ రెండు రకాలు. సల్ఫో-ఎన్‌హెచ్‌ఎస్ నీటిలో నేరుగా కరుగుతుంది. సల్ఫో లేనిదాన్ని ముందు డీఎంఎస్‌ఓ లేదా డీఎంఎఫ్ అనే ద్రావకంలో కరిగించాలి. మొదటిసారి చేసేవాళ్లకు సల్ఫో రకమే తేలిక.

బయోటిన్‌కూ అతుక్కునే కొసకూ మధ్య ఉండే గొలుసు పొడవు కూడా చూసుకోండి. స్ట్రెప్టావిడిన్‌లో బయోటిన్ కూర్చునే గుంట లోతుగా ఉంటుంది. గొలుసు మరీ పొట్టిదైతే బయోటిన్ యాంటీబాడీ ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉండిపోయి, ఆ గుంటలోకి సరిగా చేరదు. ఎల్‌సీ అని రాసి ఉన్నవాటిలో గొలుసు పొడవుగా ఉంటుంది. పెగ్ గొలుసు ఉన్నవి నీటిని ఇష్టపడతాయి, కాబట్టి లేబుల్ అయిన ప్రోటీన్ ముద్దకట్టే ప్రమాదం తగ్గుతుంది. మీ యాంటీబాడీకి పేరుకుపోయే స్వభావం ఉందని తెలిస్తే పెగ్ రకమే తీసుకోండి.

కింది లెక్కలన్నీ సల్ఫో-ఎన్‌హెచ్‌ఎస్-ఎల్‌సీ-బయోటిన్‌వి. దాని అణుభారం 556.6. మీరు వేరేది వాడితే ఆ సీసా మీదున్న అణుభారం వేసుకోండి.

2. మీ యాంటీబాడీ ఏ ద్రవంలో ఉందో చదవండి

సిగ్నల్ రాలేదని చెప్పినవాళ్లను నేను మొదట అడిగేది ఇదే: యాంటీబాడీ ఏ బఫర్‌లో ఉంది? చాలాసార్లు సమస్య అక్కడే దొరుకుతుంది.

ఎన్‌హెచ్‌ఎస్ కొసకు యాంటీబాడీ అమైన్ ఏదో, బఫర్ అమైన్ ఏదో తెలియదు. ఎదురైన అమైన్‌కు అంటుకుంటుంది. మీ బఫర్‌లో 50 మిల్లీమోలార్ ట్రిస్ ఉందనుకోండి. మిల్లీలీటర్‌కు 1 మిల్లీగ్రాము చొప్పున ఉన్న ఐజీజీ గాఢత 6.67 మైక్రోమోలార్ మాత్రమే. ఒక్కో యాంటీబాడీ అణువు చుట్టూ 7,500 ట్రిస్ అణువులు కాచుకుని ఉన్నాయన్నమాట. మీరు పోసే బయోటిన్‌లో చాలా భాగం వాటికే పోతుంది.

తీసేయాల్సినవి:

- ట్రిస్, గ్లైసిన్
- అమోనియం లవణాలు (అమోనియం సల్ఫేట్‌తో అవక్షేపం చేసిన యాంటీబాడీల్లో మిగిలి ఉంటాయి)
- ఇమిడజోల్ (హిస్టిడిన్ ట్యాగ్ ప్రోటీన్లలో ఉంటుంది, ఎన్‌హెచ్‌ఎస్ కొసను త్వరగా పాడుచేస్తుంది)
- డీటీటీ, మెర్కాప్టోఇథనాల్
- బీఎస్‌ఏ (ఆవు సీరం ప్రోటీన్), జెలటిన్ లాంటి తోడు ప్రోటీన్లు, అంటే యాంటీబాడీ నిలవ ఉండటానికి కలిపేవి
- సోడియం అజైడ్

ఉన్నా ఫర్వాలేనివి: ఫాస్ఫేట్, బైకార్బొనేట్, బోరేట్, హెపీస్, ఉప్పు, ఈడీటీఏ.

ఇక్కడ రెండు ఉచ్చులు ఉన్నాయి. మొదటిది, ప్రోటీన్ ఏ లేదా ప్రోటీన్ జీ కాలమ్ (యాంటీబాడీని పట్టి ఉంచే రెజిన్ ఉన్న గొట్టం) మీద మీరే శుద్ధి చేసుకున్న యాంటీబాడీ. "ఇప్పుడే శుద్ధి చేశాం, ఇంతకంటే శుభ్రం ఏముంటుంది" అనిపిస్తుంది. కానీ కాలమ్ నుంచి దాన్ని దించింది ఆమ్ల గ్లైసిన్‌తో, ఆ ఆమ్లాన్ని సరిచేసింది ట్రిస్‌తో. పై పట్టికలో మొదటి రెండూ అవే.

రెండోది బీఎస్‌ఏ. నేను పని నేర్చుకునే రోజుల్లో కొన్న ఒక యాంటీబాడీని లేబుల్ చేస్తే ఎన్‌హెచ్‌ఎస్ సీసా మార్చినా, పీహెచ్ మార్చినా, వారం రోజుల పాటు సిగ్నల్ రానేలేదు. చివరికి దాని సమాచార పత్రం తీసి చదివితే "1 శాతం బీఎస్‌ఏ" అని చిన్న అక్షరాల్లో ఉంది. అంటే మిల్లీలీటర్‌కు 10 మిల్లీగ్రాముల బీఎస్‌ఏ, దాని పక్కన అర మిల్లీగ్రాము యాంటీబాడీ. అణువుల లెక్కలో చూస్తే యాంటీబాడీ ఒకటికి బీఎస్‌ఏ 45. ఒక్కో బీఎస్‌ఏలో 59 లైసిన్లు. వారమంతా నేను బీఎస్‌ఏకే బయోటిన్ తగిలించాను.

బీఎస్‌ఏ డీసాల్టింగ్ కాలమ్‌తో (చిన్న అణువులను ఆపి ప్రోటీన్‌ను వదిలేది) పోదు, డయాలిసిస్‌తోనూ (చిన్న అణువులను మాత్రమే బయటకు వదిలే పొరతో) పోదు, ఎందుకంటే అదీ పెద్ద ప్రోటీనే. ప్రోటీన్ ఏ లేదా జీ కాలమ్ మీద యాంటీబాడీని పట్టి ఉంచి బీఎస్‌ఏను కడిగేయాలి. కొత్తగా కొనేటప్పుడైతే తోడు ప్రోటీన్ లేని తయారీనే అడిగి తీసుకోండి, ఎంతో శ్రమ తప్పుతుంది.

శుద్ధి చేయని సీరం, అసైటిస్ (యాంటీబాడీ తయారీకి వాడిన జంతువు పొట్టలో చేరే ద్రవం) లాంటివాటిని నేరుగా లేబుల్ చేయకండి. అందులోని ప్రతి ప్రోటీన్‌కూ బయోటిన్ అంటుతుంది.

3. బఫర్ మార్చండి

లేబులింగ్ బఫర్‌గా పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు ద్రవం) చాలు, పీహెచ్ 7.2 నుంచి 8.0 మధ్య ఉండాలి. పీహెచ్ పెరిగేకొద్దీ అమైన్లు చురుగ్గా కలుస్తాయి, కానీ ఎన్‌హెచ్‌ఎస్ కొస నీటితో కలిసి చచ్చిపోయే వేగం కూడా పెరుగుతుంది. పీహెచ్ 7, 0 డిగ్రీల దగ్గర దానిలో సగం పాడవడానికి 4 నుంచి 5 గంటలు పడుతుంది. పీహెచ్ 8.6, 4 డిగ్రీల దగ్గర అందుకు 10 నిమిషాలు చాలు. నేను 7.4 దగ్గర ఆపుతాను. త్వరగా అవ్వాలని 9కి తీసుకెళ్లకండి.

స్పిన్ డీసాల్టింగ్ కాలమ్‌తో మార్చే పద్ధతి:

1. కాలమ్ అడుగు మూత తీసి, పై మూత కాస్త వదులు చేసి, ఒక ట్యూబ్‌లో పెట్టి తిప్పండి. నిల్వ ద్రవం దిగిపోతుంది. ఎంత వేగం, ఎన్ని నిమిషాలు అన్నది కాలమ్‌తో వచ్చిన పత్రంలో ఉన్నదే పాటించండి.
2. రెజిన్ ఒక పక్కకు వాలుగా సర్దుకుంటుంది. ఎత్తుగా ఉన్న పక్కన పెన్నుతో గుర్తు పెట్టి, ప్రతిసారీ ఆ గుర్తు బయటి వైపు ఉండేలా పెట్టండి.
3. పీబీఎస్ పోసి తిప్పండి. మూడుసార్లు చేయండి.
4. కొత్త ట్యూబ్ పెట్టండి. యాంటీబాడీని రెజిన్ మధ్యలో నిదానంగా వేయండి, గోడ మీద జారనీయకండి.
5. తిప్పి, కిందకు దిగిన ద్రవాన్ని తీసుకోండి. అందులోనే మీ యాంటీబాడీ ఉంది.

ట్రిస్, గ్లైసిన్ గాఢత 100 మిల్లీమోలార్ కన్నా ఎక్కువైతే ఒకసారి చాలదు, రెండో కాలమ్ మీద కూడా పోయండి. డయాలిసిస్ అయితే 1 మిల్లీలీటర్‌కు కనీసం 500 మిల్లీలీటర్ల పీబీఎస్ పెట్టి, మూడుసార్లు మార్చండి. చివరిది రాత్రంతా, 4 డిగ్రీల దగ్గర.

బఫర్ మార్చాక గాఢత తప్పకుండా మళ్లీ కొలవండి. కాలమ్‌లో కొంత పోతుంది, కొంత పలచబడుతుంది, కాబట్టి సీసా మీద ఉన్న అంకె ఇక చెల్లదు. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో (ద్రవం ఎంత వెలుగు పీలుస్తుందో కొలిచే పరికరం) 280 నానోమీటర్ల దగ్గర, 1 సెంటీమీటర్ దారిలో, ఐజీజీ రీడింగ్‌ను 1.4తో భాగిస్తే మిల్లీలీటర్‌కు ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. రీడింగ్ 2.8 అయితే గాఢత 2 మిల్లీగ్రాములు.

మిల్లీలీటర్‌కు అర మిల్లీగ్రాము కంటే తక్కువ ఉంటే ముందు సెంట్రిఫ్యూజ్ ఫిల్టర్‌తో చిక్కబరచండి. ఐజీజీకి 30 వేల కోత ఉన్న ఫిల్టర్ (అంతకంటే ఎక్కువ అణుభారం ఉన్నవాటిని ఆపేది) సరిపోతుంది. పలచటి ద్రావణంలో యాంటీబాడీ కన్నా నీరే ముందు గెలుస్తుంది.

4. లెక్క వేయండి, బరువుతో కాదు, మోల్స్‌తో

"ఒక మిల్లీగ్రాముకు ఎంత బయోటిన్?" అని అడుగుతుంటారు. ప్రోటీన్ ఏదో చెప్పకుండా దీనికి జవాబు లేదు. ఐజీజీ అణుభారం లక్షన్నర. 25 వేల అణుభారం ఉన్న చిన్న ప్రోటీన్ ఒక మిల్లీగ్రాములో దానికి ఆరు రెట్ల అణువులు ఉంటాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. మీ దగ్గర మిల్లీలీటర్‌కు 2 మిల్లీగ్రాముల ఐజీజీ, 500 మైక్రోలీటర్లు ఉంది.

- మొత్తం యాంటీబాడీ: 2 × 0.5 = 1 మిల్లీగ్రాము
- మోల్స్‌లో: 1 మిల్లీగ్రాము ÷ 1,50,000 = 6.67 నానోమోల్స్
- 20 రెట్లు బయోటిన్ కావాలంటే: 6.67 × 20 = 133 నానోమోల్స్
- బయోటిన్ ద్రావణం 10 మిల్లీమోలార్ అయితే: 133 ÷ 10 = 13.3 మైక్రోలీటర్లు

అదే 1 మిల్లీగ్రాము, 25 వేల అణుభారం ప్రోటీన్ అయితే 40 నానోమోల్స్. 20 రెట్లకు 80 మైక్రోలీటర్లు కావాలి. చూశారుగా తేడా.

ఎన్ని రెట్లు వేయాలన్నది గాఢత మీద ఆధారపడి ఉంటుంది. 2 మిల్లీగ్రాములు, అంతకు పైన ఉంటే 20 రెట్లు మంచి మొదలు. అర మిల్లీగ్రాము దగ్గర 30 నుంచి 50 రెట్లు పడుతుంది, ఎందుకంటే చాలా భాగం నీటికి పోతుంది. చిన్న ప్రోటీన్‌కు 5 నుంచి 10 రెట్లతో మొదలుపెట్టండి.

యాంటీబాడీ విలువైనదైతే మొత్తాన్ని ఒకేసారి పణంగా పెట్టొద్దు. 50 మైక్రోగ్రాముల చొప్పున నాలుగు ట్యూబులు తీసుకుని 5, 10, 20, 40 రెట్లతో చేసి చూడండి. ఇందుకు బయోటిన్ ద్రావణాన్ని 1 మిల్లీమోలార్‌కు పలచబరిస్తే పైపెట్‌తో తీయడానికి వీలైన పరిమాణాలు వస్తాయి. ఏది బాగా పనిచేస్తే ఆ నిష్పత్తితో మిగతాది చేయండి. ఒక రోజు అదనంగా పడుతుంది. ఆ రోజు ఖర్చుపెట్టి బాధపడినవాళ్లను నేను చూడలేదు.

5. ఎన్ని బయోటిన్లు అంటితే మంచిది?

ఎక్కువ అంటితే ఎక్కువ సిగ్నల్ అనుకోవడం సహజం. కొంతవరకు అది నిజమే, ఆ తర్వాత వ్యవహారం తిరగబడుతుంది.

లైసిన్ మీద ధనావేశం ఉంటుంది. బయోటిన్ అంటగానే అది పోతుంది. అలా చాలా పోతే యాంటీబాడీ నీటిలో నిలవలేక ఒకదానికొకటి అంటుకుని పేరుకుంటుంది. అదీగాక, లైసిన్లలో కొన్ని యాంటిజెన్‌ను పట్టుకునే చోటే ఉండొచ్చు. వాటికి బయోటిన్ అంటితే యాంటీబాడీకి పట్టు పోతుంది. మూడోది, బయోటిన్లు మరీ దగ్గరగా ఉంటే ఒక స్ట్రెప్టావిడిన్ కూర్చున్నాక పక్కదానికి చోటుండదు. కాబట్టి అదనంగా అంటినవి సిగ్నల్‌కు పెద్దగా తోడ్పడవు.

నేను పెట్టుకునే లక్ష్యాలు ఇవి. ఎలైజాలో (ప్లేట్ గుంటల్లో రంగు మార్పుతో యాంటిజెన్‌ను కొలిచే పరీక్ష) గుర్తించే యాంటీబాడీగా వాడాలంటే అణువుకు 3 నుంచి 6. స్ట్రెప్టావిడిన్ పూసిన ప్లేట్ మీద పట్టుకునే యాంటీబాడీగా అయితే 1 నుంచి 3. బంధం వేగాన్ని కొలిచే సెన్సర్ల మీద పెట్టాలంటే సగటున 1. అందుకు 1:1 నిష్పత్తితోనే మొదలుపెట్టాలి.

6. మొదలుపెట్టే ముందు బల్ల మీద ఉండాల్సినవి

- బఫర్ మార్చి, గాఢత కొలిచిన యాంటీబాడీ
- బయోటిన్ సీసా, ఫ్రీజర్ నుంచి ముందే తీసి పెట్టినది
- శుద్ధమైన నీరు లేదా నీరు తగలని డీఎంఎస్‌ఓ
- పీబీఎస్‌తో కడిగి సిద్ధం చేసిన రెండో డీసాల్టింగ్ కాలమ్
- 1 మోలార్ ట్రిస్, పీహెచ్ 8 (రియాక్షన్ ఆపడానికి)
- టైమర్
- లెక్కంతా రాసుకున్న కాగితం
- కొంచెం లేబుల్ చేయని యాంటీబాడీ, విడిగా తీసి పెట్టినది

చివరిది చాలామంది మరిచిపోతారు. పోల్చి చూడటానికి అసలుది మిగలకపోతే లేబులింగ్ వల్ల ఏం పోయిందో తెలుసుకునే దారి ఉండదు. 20 నుంచి 50 మైక్రోగ్రాములు పక్కన పెట్టండి.

7. బయోటిన్ సీసా తెరవడం, కరిగించడం

ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్‌కు తేమే శత్రువు. చల్లని సీసాను ఫ్రీజర్ నుంచి తీసి వెంటనే తెరిస్తే గాలిలోని తేమ లోపల పొడి మీద చేరుతుంది. ఆ రోజు పని బాగానే జరుగుతుంది, పాడయ్యేది తర్వాతి నెల చేసేది. మూత తీయకుండా గది ఉష్ణోగ్రతకు రానివ్వండి, అరగంట అయినా ఉంచండి. వాడాక తేమ పీల్చే పొట్లాలతో కలిపి గట్టిగా మూసి మైనస్ 20 డిగ్రీల దగ్గర పెట్టండి.

2.2 మిల్లీగ్రాముల పొడిని 400 మైక్రోలీటర్ల నీటిలో కరిగిస్తే దాదాపు 10 మిల్లీమోలార్ వస్తుంది. కరిగించిన క్షణం నుంచి గడియారం నడుస్తున్నట్టే. యాంటీబాడీ, కాలమ్ సిద్ధంగా ఉన్నాకే కరిగించండి, వెంటనే వాడండి, మిగిలింది పారేయండి. నీటిలో కరిగించినదాన్ని ఫ్రీజర్‌లో దాచి మళ్లీ వాడొద్దు.

సల్ఫో లేని రకాన్ని డీఎంఎస్‌ఓలో కరిగిస్తే, మొత్తం రియాక్షన్‌లో డీఎంఎస్‌ఓ 10 శాతం దాటకూడదు. 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. డీఎంఎస్‌ఓ చర్మం గుండా తనతోపాటు ఇతర పదార్థాలనూ లోపలికి తీసుకెళ్తుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి.

పాత సీసా ఇంకా పనిచేస్తుందా అని అనుమానమా? చిన్న పరీక్ష ఉంది. కొంచెం కరిగించి 260 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయండి. అదే ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ వేసి అర నిమిషంలో మళ్లీ తీయండి. క్షారం ఎస్టర్‌ను విడగొట్టి ఎన్‌హెచ్‌ఎస్‌ను వదులుతుంది, రీడింగ్ బాగా పెరుగుతుంది. పెరగలేదంటే ఎస్టర్ ముందే పోయింది. ఆ సీసా పక్కన పెట్టేయండి.

8. రియాక్షన్

1. యాంటీబాడీ ట్యూబ్‌ను మెల్లగా కదుపుతూ లెక్క ప్రకారం బయోటిన్‌ను చుక్కలు చుక్కలుగా వేయండి. ఒకచోట కుమ్మరిస్తే అక్కడి అణువులకు అతిగా అంటి, మిగతావాటికి అంటదు.
2. పైపెట్‌తో నిదానంగా కలపండి. వోర్టెక్స్ మీద పెట్టకండి, నురగ వస్తే ప్రోటీన్ పాడవుతుంది.
3. గది ఉష్ణోగ్రత దగ్గర 30 నిమిషాలు ఉంచండి. సున్నితమైన ప్రోటీన్ అయితే ఐస్ మీద 2 గంటలు.
4. ట్రిస్ వేసి దాని గాఢత 50 మిల్లీమోలార్‌కు తెండి. 500 మైక్రోలీటర్లకు 25 మైక్రోలీటర్ల 1 మోలార్ ట్రిస్ చాలు. 10 నిమిషాలు ఆగండి.

రాత్రంతా ఉంచితే ఇంకా బాగా అంటుతుందనుకోకండి. ఎన్‌హెచ్‌ఎస్ కొస అప్పటికే అయిపోయి ఉంటుంది.

9. మిగిలిన బయోటిన్‌ను తీసేయండి

మీరు 20 రెట్లు వేస్తే, అంటింది 5 అనుకుందాం. అంటే అణువుకు 15 బయోటిన్లు ద్రావణంలో విడిగా తిరుగుతున్నాయి. ఇవి స్ట్రెప్టావిడిన్‌ను యాంటీబాడీ కంటే ముందే చేరి నాలుగు చోట్లనూ ఆక్రమిస్తాయి. చిన్న అణువులు, చురుగ్గా కదులుతాయి, వాటిదే పైచేయి. లేబులింగ్ ఎంత బాగా జరిగినా సిగ్నల్ కనిపించదు.

కొత్త డీసాల్టింగ్ కాలమ్ మీద, 3వ భాగంలో చెప్పినట్టే చేయండి. మొదట వాడిన కాలమ్‌నే మళ్లీ వాడొద్దు. 40 రెట్లకు మించి వేసినప్పుడు రెండు కాలమ్‌లు, లేదా కాలమ్ తర్వాత డయాలిసిస్ చేయాలి.

ఐజీజీకి సెంట్రిఫ్యూజ్ ఫిల్టర్ కూడా పనికొస్తుంది, కానీ ఒక్కసారి చిక్కబరిస్తే చాలదు. పీబీఎస్‌తో నింపి తిప్పడం కనీసం నాలుగైదుసార్లు చేయండి. పదో వంతుకు తగ్గించి మళ్లీ నింపిన ప్రతిసారీ విడి బయోటిన్ పదో వంతు అవుతుంది.

తర్వాత 280 దగ్గర గాఢత కొలవండి. బయోటిన్ ఆ వెలుగును పీల్చదు కాబట్టి అడ్డు రాదు. కానీ విడిపోయిన ఎన్‌హెచ్‌ఎస్ పీలుస్తుంది. శుభ్రం చేయకముందే కొలిచి "వేసినదానికన్నా ఎక్కువ ప్రోటీన్ వచ్చింది" అని ఆశ్చర్యపోయేవాళ్ల విషయంలో కారణం ఇదే.

10. ఎన్ని అంటాయో కొలవండి: హాబా పద్ధతి

హాబా అనే రంగు పదార్థం అవిడిన్‌లో (స్ట్రెప్టావిడిన్ లాగే బయోటిన్‌ను పట్టుకునే, గుడ్డు తెల్లసొనలోని ప్రోటీన్) బయోటిన్ కూర్చునే చోట కూర్చుంటుంది. అలా ఉన్నప్పుడు 500 నానోమీటర్ల దగ్గర వెలుగును పీలుస్తుంది. బయోటిన్ రాగానే చోటు ఖాళీ చేస్తుంది, రీడింగ్ పడిపోతుంది. ఎంత పడిందో చూసి బయోటిన్ ఎంతో లెక్కిస్తాం.

1. 24.2 మిల్లీగ్రాముల హాబాను 10 మిల్లీలీటర్ల 10 మిల్లీమోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించండి.
2. అందులో 600 మైక్రోలీటర్లు, 10 మిల్లీగ్రాముల అవిడిన్, 19.4 మిల్లీలీటర్ల పీబీఎస్ కలపండి.
3. 900 మైక్రోలీటర్లు క్యూవెట్‌లో పోసి 500 దగ్గర రీడింగ్ తీయండి. 0.9 నుంచి 1.3 మధ్య రావాలి.
4. 100 మైక్రోలీటర్ల లేబుల్ యాంటీబాడీ వేసి, కలిపి, రీడింగ్ నిలకడ అయ్యాక తీయండి.

ఉదాహరణ: మొదటి రీడింగ్ 1.00, రెండోది 0.70. ద్రవం 900 నుంచి 1,000కి పెరిగింది కాబట్టి మొదటిదాన్ని 0.9తో గుణించాలి.

- పడిపోయింది: 0.90 − 0.70 = 0.20
- క్యూవెట్‌లో బయోటిన్: 0.20 ÷ 34,000 = 5.9 మైక్రోమోలార్
- అసలు నమూనాలో, 10 రెట్లు: 59 మైక్రోమోలార్
- యాంటీబాడీ మిల్లీలీటర్‌కు 1.8 మిల్లీగ్రాములు అయితే: 12 మైక్రోమోలార్
- అణువుకు బయోటిన్లు: 59 ÷ 12 = 4.9

రెండో రీడింగ్ 0.3 కన్నా తగ్గిపోతే నమూనాను పలచబరిచి మళ్లీ చేయండి. అవిడిన్‌లో చోట్లు దాదాపు నిండిపోయాయి, ఆ అంకెను నమ్మలేం. అణువుకు 15, 18 లాంటి అంకె వస్తే సంతోషించకండి, ముందు విడి బయోటిన్‌ను అనుమానించండి. ఇంకొకసారి కాలమ్ మీద పోసి కొలిస్తే నిజం తేలుతుంది.

11. పనిచేస్తుందా? మూడు వరుసల పరీక్ష

ఈ పరీక్షను వదిలేయొద్దని గట్టిగా చెబుతాను. ఎలైజా ప్లేట్‌లో యాంటిజెన్ పూసి, ఒకే పలచనల వరుసతో ఇలా పెట్టండి:

- వరుస 1: లేబుల్ చేయని యాంటీబాడీ, పైన హెచ్‌ఆర్‌పీ (రంగు తెప్పించే ఎంజైమ్) ఉన్న రెండో యాంటీబాడీ (మొదటి యాంటీబాడీని పట్టుకునేది)
- వరుస 2: లేబుల్ చేసిన యాంటీబాడీ, పైన అదే రెండో యాంటీబాడీ
- వరుస 3: లేబుల్ చేసిన యాంటీబాడీ, పైన స్ట్రెప్టావిడిన్-హెచ్‌ఆర్‌పీ

పక్కనే యాంటిజెన్ లేని గుంటల్లో కూడా ఇవే పెట్టండి.

1, 2 దాదాపు ఒకేలా ఉండి, 3 బలంగా ఉంటే పని విజయవంతం. 1, 2 ఒకేలా ఉండి 3 బలహీనంగా ఉంటే బయోటిన్ సరిగా అంటలేదు, లేదా విడి బయోటిన్ మిగిలింది. 2వ వరుస 1 కన్నా బాగా పడిపోతే యాంటీబాడీ పట్టు దెబ్బతింది, నిష్పత్తి తగ్గించండి. యాంటిజెన్ లేని గుంటల్లో రంగు వస్తే తప్పు బ్లాకింగ్‌లో (ప్లేట్‌లో ఖాళీ చోట్లను వేరే ప్రోటీన్‌తో కప్పడంలో) ఉంది, లేదా యాంటీబాడీ ముద్దకట్టి ఎక్కడపడితే అక్కడ అంటుకుంటోంది.

12. తప్పులు, వాటి సవరణలు

*అడుగున తెల్లగా పేరుకుంది.* వెంటనే పారేయకండి. 4 డిగ్రీల దగ్గర 10,000 జీతో 10 నిమిషాలు తిప్పి, పై ద్రవం తీసుకుని గాఢత కొలవండి. సగానికి పైగా మిగిలి ఉంటే, మూడు వరుసల పరీక్షలో నెగ్గితే, అది వాడుకోవచ్చు. తర్వాతిసారి నిష్పత్తి సగం చేయండి లేదా పెగ్ రకానికి మారండి.

*లేబులింగ్ తక్కువైంది.* బఫర్‌లో అమైన్ మిగిలిందేమో, ఎస్టర్ పాతదేమో, యాంటీబాడీ మరీ పలచనేమో చూడండి. ఈ వరుసలోనే చూడండి. విడి బయోటిన్ తీసేశాక అదే యాంటీబాడీకి రెండోసారి లేబులింగ్ చేయొచ్చు, కాకపోతే ట్రిస్ పూర్తిగా పోయిందని నిర్ధారించుకోండి.

*కాలమ్‌లో యాంటీబాడీ పోయింది.* కాలమ్‌కు చెప్పిన కనీస పరిమాణం కంటే తక్కువ వేసి ఉంటారు. కొంచెం వేయాల్సి వస్తే, అది రెజిన్‌లోకి ఇంకాక దాని మీద కాస్త పీబీఎస్ వేసి తిప్పండి.

*ఎన్నిసార్లు చేసినా పట్టు పోతోంది.* యాంటిజెన్‌ను పట్టే చోట ముఖ్యమైన లైసిన్ ఉంది. నిష్పత్తి 5కి తగ్గించినా లాభం లేకపోతే లైసిన్ల జోలికి పోని దారి ఎంచుకోండి. యాంటీబాడీ కాండంలో ఉండే చక్కెరలను సోడియం పెరియోడేట్‌తో చీకట్లో, చల్లగా, 30 నిమిషాలు ఆక్సీకరించి, బయోటిన్ హైడ్రజైడ్‌తో కలపొచ్చు. లేదా హింజ్ దగ్గరి డైసల్ఫైడ్లను జాగ్రత్తగా విడగొట్టి మాలీమైడ్ బయోటిన్‌ను పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య వాడొచ్చు. ప్రోటీన్‌ను మీరే తయారు చేసుకుంటుంటే అన్నిటికంటే మంచిది 15 అమైనో ఆమ్లాల అవీట్యాగ్. బిర్ఏ ఎంజైమ్ అందులోని ఒకే ఒక్క లైసిన్‌కు ఒకే ఒక్క బయోటిన్ తగిలిస్తుంది.

13. దాచడం, వాడటం

కొన్ని వారాల్లో వాడేస్తారంటే 4 డిగ్రీలు. ఎక్కువ కాలానికైతే సగం గ్లిజరాల్ కలిపి మైనస్ 20, చిన్న చిన్న భాగాలుగా. మళ్లీ మళ్లీ గడ్డకట్టించి కరిగించొద్దు. ట్యూబ్ మీద తేదీ, గాఢత, అణువుకు ఎన్ని బయోటిన్లు, ఏ రియేజెంట్ అన్న నాలుగూ రాయండి.

లేబులింగ్ అయ్యాక బీఎస్‌ఏ కలపొచ్చు, అజైడ్ కూడా 0.02 శాతం కలపొచ్చు. కానీ అజైడ్ హెచ్‌ఆర్‌పీని ఆపేస్తుంది. యాంటీబాడీ నిల్వలో ఉన్న కొద్దిపాటి అజైడ్ పలచబరిచి, కడిగినప్పుడు పోతుంది. స్ట్రెప్టావిడిన్-హెచ్‌ఆర్‌పీ కలిపే బఫర్‌లో మాత్రం అది అసలు ఉండకూడదు.

చివరగా, బయోటిన్ మీరు వేసిన చోటే కాకుండా వేరే దారుల్లో కూడా పరీక్షలోకి వస్తుంది. ప్లేట్ పెట్టే ముందు ఇవి సరిచూసుకోండి:

- బ్లాకింగ్‌కు పాలపొడి వాడుతున్నారా? పాలలో బయోటిన్ ఉంటుంది, బీఎస్‌ఏకు మారండి.
- కణాలు పెంచిన ద్రవం నమూనానా? ఆర్‌పీఎంఐ 1640 మాధ్యమంలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల బయోటిన్ ఉంటుంది, దాన్ని కడిగేయండి లేదా పలచబరచండి.
- కాలేయం, మూత్రపిండం కణజాలాలా? వాటిలో సొంత బయోటిన్ ఎక్కువ, అవిడిన్‌తోనూ ఆ తర్వాత బయోటిన్‌తోనూ ముందే బ్లాక్ చేయండి.
- మనుషుల సీరం నమూనాలా? ఇచ్చినవాళ్లు బయోటిన్ మాత్రలు వాడుతున్నారేమో అడిగి రాసుకోండి.
- నేపథ్యం ఎక్కువగా ఉందా? అవిడిన్ వాడుతుంటే స్ట్రెప్టావిడిన్‌కు మారి చూడండి. అవిడిన్ మీద చక్కెరలు, బలమైన ధనావేశం ఉంటాయి కాబట్టి అనవసరమైన చోట్లకూ అంటుకుంటుంది.